రెండు డెక్‌ల డీజే కంట్రోలర్: కొనాలా, కట్టుకోవాలా?

#1 · తీన్మార్‌డెక్

అందరికీ నమస్తే. సంగీత్‌లకు, బారాత్‌లకు పనికొచ్చే రెండు డెక్‌ల కంట్రోలర్ (రెండు పాటలను చెరోవైపు నడిపే బటన్లు, నాబ్‌ల పెట్టె) కావాలి. ల్యాప్‌టాప్‌లో ఉన్నది మిక్స్, అదే చివర మూడు ఎక్స్‌లు ఉండే ఉచిత సాఫ్ట్‌వేర్. స్క్రాచింగ్ పెద్దగా అక్కర్లేదు. పాత సినిమా పాటలు, జానపదాలు, కొత్త పాటలు అన్నీ కలిపి వేయాలి. సోల్డరింగ్ వచ్చు, ఆర్డునో ఐడీఈ (బోర్డుకు కోడ్ రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్) తెలుసు. రెడీమేడ్ కొనమంటారా, కట్టుకోమంటారా? కట్టుకుంటే ఏ బోర్డు, ఎన్ని పాట్‌లు (నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్లు), పిచ్ ఫేడర్ (పాట వేగం మార్చే జారుడు మీట) ఎలాంటిది తీసుకోవాలి?

#2 · జాగ్‌చక్రం

డబ్బు మిగులుతుందని మాత్రం కట్టుకోకండి. రెండు మంచి పిచ్ ఫేడర్లు, రెండు జాగ్‌లు (వేలితో తిప్పే పళ్లేలు), ప్యానెల్ కటింగ్ కలిపితే చిన్న రెడీమేడ్ కంట్రోలర్ ధర దగ్గరికి వచ్చేస్తుంది. పైగా పయనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4, హెర్క్యులీస్ ఇన్‌పల్స్ 300 లాంటి వాటిలో సౌండ్ కార్డు లోపలే ఉంటుంది. స్పీకర్లకు ఒక జత, హెడ్‌ఫోన్‌కు ఇంకో జత అవుట్‌పుట్ వస్తాయి. మనం కట్టుకునేది మిడీ (ఏ బటన్ నొక్కాం, ఏ నాబ్ ఎంత తిప్పాం అని చెప్పే సందేశాలు) పంపే పెట్టె మాత్రమే, అందులో శబ్దం పుట్టదు. నెల రోజుల్లో ప్రోగ్రాం ఉంటే కొనేయండి.

కట్టుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. మీరు పాత సినిమా పాటలు అన్నారు కదా. ఆర్కెస్ట్రా మొత్తం కూర్చుని వాయిస్తుండగా రికార్డు చేసిన పాటల్లో టెంపో నిలకడగా ఉండదు. పల్లవికి, చరణానికి మధ్యే కొంచెం జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఒకే బీపీఎం (నిమిషానికి బీట్‌ల లెక్క) అనుకుని గీసిన బీట్ గ్రిడ్ గీతలు ఆ పాట మీద కూర్చోవు, రెండు పాటల వేగం కలిపే సింక్ బటన్ చేతులెత్తేస్తుంది. అక్కడ పని చేయాల్సింది చెయ్యి: పొడవాటి పిచ్ ఫేడర్, మెత్తగా తిరిగే జాగ్. చిన్న కంట్రోలర్లలో కోత పడేది సరిగ్గా ఈ రెండింటికే. కట్టుకుంటే వీటి కోసం కట్టుకోండి. మిగతావన్నీ ఎవరైనా చేసేవే.

సాఫ్ట్‌వేర్ కూడా చూసుకోవాలి. సెరాటో తను ఒప్పుకున్న హార్డ్‌వేర్ లేకపోతే ప్రాక్టీస్ మోడ్ దాటి రానివ్వదు. మిక్స్, ట్రాక్టర్ అయితే ఏ మిడీ పెట్టెనైనా తీసుకుంటాయి. మిక్స్‌లోనే ఉన్నారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

#3 · కోఠి_సోల్డర్

కట్టుడే అనుకుంటే ఇగో లెక్క. బోర్డు రాస్‌బెర్రీ పై పికో చాలు. ముందు ఏమేం కావాలో కాగితం మీద రాసుకో, తర్వాత పిన్నులు లెక్కపెట్టు.

తిప్పేటివి, జరిపేటివి: ఒక్కో ఛానెల్‌కు గెయిన్, హై, మిడ్, లో (ఈ మూడు కలిపి ఈక్యూ), ఫిల్టర్. ఐదు రెండ్ల పది. ఛానెల్ వాల్యూమ్ ఫేడర్లు 2, క్రాస్‌ఫేడర్ (ఒక డెక్ నుంచి ఇంకోదానికి శబ్దం జరిపేది) 1, హెడ్‌ఫోన్ మిక్స్ 1, హెడ్‌ఫోన్ వాల్యూమ్ 1, మాస్టర్ 1. మొత్తం 16. 74హెచ్‌సి4067 మల్టీప్లెక్సర్‌కు (పాట్‌లన్నిటిని ఒక్క పిన్నుతోనే వంతులవారీగ చదివించే చిప్) ఉన్నయి కూడా 16 ఛానెళ్లే. ఒక్కటి సరిపోతది. పిచ్ ఫేడర్లు మాత్రం దీంట్ల పెట్టకు, వాటి సంగతి వేరే.

బటన్లు: డెక్‌కు ప్లే, క్యూ, సింక్, లోడ్, హెడ్‌ఫోన్, హాట్‌క్యూలు (పాటల గుర్తుపెట్టిన చోటికి దూకేటివి) 4, లూప్, కీలాక్, షిఫ్ట్. అంటే 12. రెండు డెక్‌లకు 24, పాటలు వెతికే ఎన్‌కోడర్ (ఆగకుండ ఎంతైనా తిరిగే నాబ్) నొక్కుడు బటన్‌తోని 25. ఐదు ఐదుల మ్యాట్రిక్స్‌ల (ఐదు వరుసలు, ఐదు నిలువుల తీగల గడులు) కూర్చుంటది, పది పిన్నులు.

పిన్నులు ఇట్ల పంచు:
మల్టీప్లెక్సర్ సెలెక్ట్ లైన్లు జీపీ10 నుంచి 13, సిగ్నల్ జీపీ26కు, ఎనేబుల్ గ్రౌండ్‌కు. మ్యాట్రిక్స్ వరుసలు జీపీ14 నుంచి 18, నిలువులు జీపీ19 నుంచి 22, ఇంకోటి జీపీ3. ఐ2సీ (చిప్‌లు మాట్లాడుకునే రెండు తీగల లైన్) ఒకటి జీపీ4, 5. రెండోది జీపీ6, 7. ఎన్‌కోడర్ జీపీ8, 9. ఎల్‌ఈడీ డేటా జీపీ2. మొత్తం 22. జీపీ27, 28 ఖాళీగ ఉంచు, అనలాగ్ పక్కకు డిజిటల్ తీగలు రాకుంటే మంచిది.

పాట్‌లు బీ10కే తీసుకో. బీ అంటే లీనియర్. ఏ10కే అంటే లాగ్, ఆంప్ వాల్యూమ్‌కు వాడేది. అది పెడితే నాబ్ సగం తిరిగినా విలువ ఒక మూలనే ఉంటది, ఈక్యూ సున్నా మధ్యకు రాదు. ఫేడర్ మీద 103 అని ఉంటే 10కే అని అర్థం. వాల్యూమ్‌కు 60 మిల్లీమీటర్లు, క్రాస్‌ఫేడర్‌కు 45 మిల్లీమీటర్ల ప్రయాణం చాలు.

మ్యాట్రిక్స్‌ల ప్రతి బటన్‌కు ఒక 1ఎన్4148 డయోడ్ వెయ్యాలె, చార ఉన్న కొన వరుస వైపు. డయోడ్ లేకుంటే మూడు బటన్లు ఒక్కసారి నొక్కినప్పుడు నొక్కని నాలుగోది కూడ నొక్కినట్టు కనపడతది. హాట్‌క్యూ మీద వేలుండంగ అటు డెక్ ప్లే ఆగిపోయిందంటే కారణం ఇదే. ఎన్‌కోడర్ కూడ విడిదే తీసుకో. బోర్డు మీద బిగించి అమ్మేటివాటిల నొక్కుడు బటన్ ఒక కాలు గ్రౌండ్‌కు కలిపే ఉంటది, మ్యాట్రిక్స్‌ల పెట్టరాదు.

హైదరాబాద్‌ల ఉంటే ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీల తిరిగితే దొరుకుతయి. ఫేడర్ మాత్రం చేతిల పట్టుకుని జరిపి చూసినంకనే తీసుకో.

#4 · తీన్మార్‌డెక్

చాలా వివరంగా చెప్పారన్నా. ఊనో బోర్డు ఒకటి ఇంట్లోనే ఉంది, దాంతో అవ్వదా? పిచ్ ఫేడర్లు వేరే అన్నారు, ఎందుకని?

#5 · జాగ్‌చక్రం

ఊనో ఆర్3లో ప్రధాన చిప్‌కు యూఎస్‌బీ లేదు. పక్కనున్న 16యూ2 చిప్ సీరియల్‌గా మారుస్తుంది. ల్యాప్‌టాప్‌కు మిడీగా కనపడాలంటే ఆ చిప్ ఫర్మ్‌వేర్ మార్చాలి, మళ్లీ కోడ్ ఎక్కించాలంటే వెనక్కి మార్చాలి. లియొనార్డో, ప్రో మైక్రోలకు ఆ బాధ లేదు గానీ పిన్నులు తక్కువ. టీన్సీ 4.0 బాగుంటుంది, ఐడీఈ మెనూలో యూఎస్‌బీ రకం మిడీ అని ఎంచుకుంటే చాలు. మీ లెక్కకు పికో సరిపోతుంది. ఐడీఈలో ఫిల్‌హోవర్ కోర్ (పికోకు కోడ్ ఎక్కించే ప్యాకేజీ) వేసుకుని, యూఎస్‌బీ స్టాక్ టైనీయూఎస్‌బీకి మార్చండి.

#6 · లూప్‌రాణి

పిచ్ ఫేడర్ గురించి నేను చెప్తానండి. చాలామంది కంట్రోలర్లు ఇక్కడే పాడవుతున్నాయి.

మామూలు మిడీ కంట్రోల్ మెసేజ్‌లో 0 నుంచి 127 వరకే విలువలు. పిచ్ రేంజ్ ప్లస్ మైనస్ 8 శాతం అనుకుంటే మొత్తం 16 శాతాన్ని 127 మెట్లుగా కోస్తున్నాం. ఒక మెట్టు 0.126 శాతం. 128 బీపీఎం పాటలో అది 0.16 బీపీఎం. మీకు కావాల్సిన వేగం రెండు మెట్ల నడుమ పడితే 0.063 శాతం తేడా ఉండిపోతుంది. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది కానీ నిమిషానికి 38 మిల్లీసెకన్లు జరుగుతుంది. రెండు కిక్‌లు విడిపోయి గుర్రం పరుగులా వినపడతాయి. ఫేడర్ ఎంత జాగ్రత్తగా కదిపినా కుదరదు, ఎందుకంటే ఆ విలువ అసలు అందులో లేదు.

అందుకని పిచ్‌కు 14 బిట్ల మెసేజ్ వాడాలి. తేలికైన దారి పిచ్‌బెండ్ మెసేజ్. డెక్ 1 మొదటి మిడీ ఛానెల్, డెక్ 2 రెండోది. 16,384 మెట్లు వస్తాయి, మిక్స్ దాన్ని నేరుగా 14 బిట్లుగానే చదువుతుంది.

మెసేజ్ పెద్దదైతే చాలదు, చదివేది కూడా శుభ్రంగా ఉండాలి. పికోలోని ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) పేరుకు 12 బిట్లు, ఉపయోగపడేవి దాదాపు 9. దానికితోడు 512, 1536, 2560, 3584 విలువల దగ్గర ఆర్‌పీ2040 చిప్‌కు తెలిసిన లోపం ఉంది, అక్కడ విలువ అతుక్కుపోయి గెంతుతుంది. ఈక్యూలో ఎవరికీ తెలియదు, పిచ్‌లో వెంటనే తెలుస్తుంది. కాబట్టి పిచ్ ఫేడర్లకు విడిగా ఏడీఎస్1115 అనే ఏడీసీ చిప్ పెట్టండి. ఐ2సీ మీద నడుస్తుంది, నాలుగు ఇన్‌పుట్లు, 4.096 వోల్టుల రేంజ్‌లో మెట్టుకు 0.125 మిల్లీవోల్టు. ఫేడర్‌కు 3.3 వోల్టులు ఇస్తే 26,400 మెట్లు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఏడీఎస్1115 తన సొంత రిఫరెన్స్‌తో కొలుస్తుంది. ఎల్‌ఈడీలు వెలిగి 3.3 వోల్టులు కాస్త దిగితే, ఫేడర్ కదలకుండానే విలువ కదులుతుంది. మూడో ఇన్‌పుట్‌కు అదే 3.3 వోల్టుల లైన్ కలిపి, ఫేడర్ విలువను దాంతో భాగించండి. సప్లయ్ ఎంత ఊగినా నిష్పత్తి మారదు. సెకనుకు 860 కొలతలు మూడింటికి పంచుకున్నా ఒక్కోదానికి 280 పైన వస్తాయి, అది చాలు.

పొడవు కూడా ముఖ్యమే. 60 మిల్లీమీటర్ల ఫేడర్‌లో ఒక మిల్లీమీటరుకు 0.27 శాతం, 100 మిల్లీమీటర్లలో 0.16. వేలు అర మిల్లీమీటరు కన్నా సన్నగా కదపలేదు. 100 దొరక్కపోతే 60 పెట్టి, మిక్స్‌లో రేంజ్ 6 శాతానికి తగ్గించుకోండి.

#7 · తీన్మార్‌డెక్

ఇంత తేడా ఉంటుందని అనుకోలేదండి. 100 మిల్లీమీటర్లవే వెతుకుతా. జాగ్‌కు ఏం వాడాలి? 600 పల్స్‌ల ఇండస్ట్రియల్ ఎన్‌కోడర్ వాడమని కొందరు, మ్యాగ్నెట్ వాడమని కొందరు అంటున్నారు.

#8 · జాగ్‌చక్రం

రెండూ పనిచేస్తాయి. 600 పల్స్‌ల ఎన్‌కోడర్ నాలుగు అంచులూ లెక్కపెడితే చుట్టుకు 2,400 ఇస్తుంది. కొనేముందు దాని అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టరో (తనంతట తాను వోల్టేజీ ఇవ్వనిది) కాదో చూడండి. అలాంటిదైతే పికో వైపు 3.3 వోల్టులకు పుల్‌అప్ రెసిస్టర్ పెట్టాలి, లేకపోతే ఏ పల్సూ రాదు. లోపలి సీల్ వల్ల కాస్త బిగువుగా తిరుగుతుంది. బెండ్ చేయడానికి (పాటను కాసేపు కొంచెం ముందుకో వెనక్కో తోయడానికి) వేలితో సన్నగా తోసినప్పుడు ఆ బిగువు చేతికి తెలుస్తుంది.

నా ఓటు ఏఎస్5600 అనే అయస్కాంత కోణం సెన్సర్‌కే. ఇరుసు చివర 6 మిల్లీమీటర్ల గుండ్రటి అయస్కాంతం, దానికెదురుగా చిప్. ఏదీ ఏదానికీ తగలదు. చుట్టుకు 4,096 మెట్లు. ఇరుసుకు రెండు 608 బేరింగులు, లోపలి రంధ్రం 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. వాటిలోని గట్టి గ్రీజు కిరోసిన్‌తో కడిగేసి ఒక్క చుక్క పల్చటి నూనె వేయండి, పళ్లెం వేలితో వదిలితే తిరుగుతూనే ఉంటుంది.

తప్పు జరిగేది మూడు చోట్ల:

అయస్కాంతం వ్యాసం అడ్డంగా ధ్రువాలున్నదై ఉండాలి, అంటే ఒక అర్ధచంద్రం ఉత్తరం, ఇంకోటి దక్షిణం. మామూలు బిళ్ల అయస్కాంతానికి ధ్రువాలు పైన, కింద ఉంటాయి. అది ఎంత తిప్పినా చిప్‌కు కోణం తెలియదు.

అయస్కాంతాన్ని నేరుగా స్టీల్ బోల్టు తలకు అంటించకండి. ఇనుము క్షేత్రాన్ని తనలోకి లాగేసుకుంటుంది. మధ్యలో ప్లాస్టిక్ లేదా అల్యూమినియం తొడుగు కొన్ని మిల్లీమీటర్లు పెట్టండి. చిప్‌కు, అయస్కాంతానికి మధ్య ఖాళీ 1 నుంచి 2 మిల్లీమీటర్లు, రెండింటి మధ్యబిందువులు ఒకే గీత మీద ఉండాలి.

రెండు ఏఎస్5600లకూ ఐ2సీ చిరునామా ఒకటే, హెక్స్ 36, మార్చడానికి లేదు. పికోకు ఐ2సీ బస్సులు రెండున్నాయి కాబట్టి ఒక్కో జాగ్‌కు ఒక్కోటి. ఏడీఎస్1115 చిరునామా హెక్స్ 48, అది ఏ బస్సు మీదైనా ఉండొచ్చు.

కోడ్‌లో: ప్రతి 2 మిల్లీసెకన్లకు కోణం చదివి, పాత కోణం తీసేయండి. తేడా 2,048 దాటితే 4,096 తీసేయండి, మైనస్ 2,048 కన్నా తగ్గితే 4,096 కలపండి. ఇది మర్చిపోతే ప్రతి చుట్టులో ఒకచోట పాట ధడేల్‌మని వెనక్కి దూకుతుంది. పంపే విలువ 64 ప్లస్ తేడా. సెకనుకు ఐదు చుట్లు తిప్పినా 2 మిల్లీసెకన్లలో 41 మెట్లే, 63 హద్దు దాటదు.

స్క్రాచ్ అక్కర్లేదన్నారు కాబట్టి టచ్ సెన్సర్ జోలికి పోకండి. తిరిగే లోహపు పళ్లేనికి తీగ కలపడానికి బ్రష్ కావాలి, అది అరుగుతుంది. ఈ తేడాను మిక్స్‌లో జాగ్ కంట్రోల్‌కు పంపితే బెండ్ అయిపోతుంది. భాగహారం స్క్రిప్ట్‌లో చేయండి, 10తో మొదలుపెట్టి చేతికి నప్పేదాకా మార్చుకోండి.

#9 · ప్యానెల్‌పని

ప్యానెల్ గురించి ఎవరూ అనలేదు. 9 మిల్లీమీటర్ల పాట్ మెడ 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ లేదా 2 మిల్లీమీటర్ల అల్యూమినియం దాటి నట్టు పట్టేంతే ఉంటుంది. 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌లో నట్టుకు మర దొరకదు. నాబ్‌ల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి 25 మిల్లీమీటర్లు తగ్గించకండి, మిడ్ తిప్పబోతే లో తగులుతుంది. ఫేడర్ గాడి ప్రయాణం కన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. కటింగ్‌కు ఇచ్చేముందు 1:1 ప్రింట్ తీసి, అట్ట మీద అతికించి, భాగాలు గుచ్చి, చీకట్లో చెయ్యి పెట్టి చూడండి.

#10 · తీన్మార్‌డెక్

అట్ట మీదే మొత్తం కలిపి చూశా. రెండు సమస్యలు. ఒకటి, లో తిప్పితే మిడ్ కూడా కొద్దిగా కదులుతోంది. నాయిస్ తగ్గాలని మల్టీప్లెక్సర్ సిగ్నల్ పిన్నుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టా. రెండు, ప్యాడ్ లైట్లు (డబ్ల్యూఎస్2812బీ, 24) వెలిగినప్పుడల్లా ఈక్యూలు అన్నీ ఒక మెట్టు గెంతుతున్నాయి.

#11 · కోఠి_సోల్డర్

మొదటిదానికి దోషం ఆ కెపాసిటర్‌దే. 10కే పాట్ మధ్యల ఉంటే దాని వెనక రెసిస్టెన్స్ 2.5కే. 0.1 మైక్రోఫారడ్‌తోని కలిస్తే 250 మైక్రోసెకన్లు. పూర్తిగా నిండనీకి దానికి ఐదింతలు, అంటే 1.25 మిల్లీసెకన్లు. నువ్వు ఛానెల్ మార్చి 10 మైక్రోసెకన్లల చదువుతున్నవ్. కెపాసిటర్‌ల ఇంకా వెనకటి పాట్ వోల్టేజే కూర్చుని ఉంది, గదే మిడ్‌కు అంటుతున్నది. సిగ్నల్ పిన్ను దగ్గర తీసెయ్. అదే కెపాసిటర్ ఒక్కో పాట్ నడిమి కాలుకూ గ్రౌండ్‌కూ మధ్యన పెట్టు. మొత్తం 16. ఛానెల్ మార్చినంక 10 మైక్రోసెకన్లు ఆగి చదువు.

రెండోది గ్రౌండ్. పాట్‌లు, లైట్లు ఒకే సన్న తీగ మీద వెనక్కి వస్తున్నయి కద? లైట్లు 200 మిల్లీఆంపులు తాగితే, తీగ, జంపర్ కొన కలిసి 0.15 ఓమ్ ఉన్నా 30 మిల్లీవోల్టులు లేస్తది. 3.3 వోల్టులను 128 మెట్లు చేస్తే మెట్టుకు 26. అందుకే సరిగ్గ ఒక మెట్టు గెంతుతున్నది. పాట్‌ల గ్రౌండ్ విడిగ తెచ్చి పికో 33వ పిన్నుకు, అనలాగ్ గ్రౌండ్ అదే, కలుపు. లైట్ల గ్రౌండ్ మందమైన తీగతోని నేరుగ 38వ పిన్నుకు. లైట్ల 5 వోల్టులు 40వ పిన్ను నుంచి తీసుకో, పక్కన 1000 మైక్రోఫారడ్ పెట్టు.

వెలుగు కూడ తగ్గించు. ఒక్కో లైట్ పూర్తి తెలుపుల 60 మిల్లీఆంపులు తాగొచ్చు. 24 కలిపితే 1.44 ఆంపులు, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 0.5. కోడ్‌ల 20 శాతం దగ్గర కట్టెయ్. డేటా లైన్‌కు కూడ చూసుకో: 5 వోల్టుల లైట్‌కు డేటా 3.5 వోల్టులన్న కావాలె, పికో ఇచ్చేది 3.3. ఇంట్ల పనిచేసి బయట మినుకుమంటది. డేటాను 5 వోల్టులకు ఎత్తే 74ఏహెచ్‌సిటి125 చిప్ ఒకటి నడుమ పెట్టు.

#12 · లూప్‌రాణి

దీంతోపాటు ఇంకొకటి. ఫిల్టర్, ఈక్యూ పాట్‌లు మధ్యలో టక్కుమని ఆగేవైనా, ఆ చోట విలువ కచ్చితంగా సగం ఉండదు. 12 బిట్లలో 2,048కి అటు 40, ఇటు 40 లోపల ఉంటే 64 పంపేలా కోడ్‌లో రాయండి. లేకపోతే ఫిల్టర్ మధ్యలో ఉన్నట్టే కనపడుతుంది, పాట మాత్రం కాస్త మూసుకుపోయినట్టు వినిపిస్తుంది.

మిక్స్‌లో పిచ్‌కు సాఫ్ట్ టేకోవర్ పెట్టండి. సింక్ నొక్కాక స్క్రీన్ మీది వేగం ఒకచోట, మీ ఫేడర్ ఒకచోట ఉంటాయి. ఇది లేకపోతే ఫేడర్ తాకగానే జనం ముందు పాట వేగం గెంతుతుంది. జానపదాలు, తీన్మార్ వాటిలో ఆరు లెక్కన నడిచేవాటికి బీపీఎం తరచూ ఒకటిన్నర రెట్లుగానో, మూడింట రెండొంతులుగానో వస్తుంది. పాట మీద కుడి క్లిక్‌లో 2/3, 3/2 సవరణలు ఉన్నాయి, ప్రోగ్రాంకు ముందే చేసి ఉంచుకోండి.

#13 · తీన్మార్‌డెక్

లో-మిడ్ సమస్య పూర్తిగా పోయింది, లైట్లు కూడా నిలిచాయి. ధన్యవాదాలన్నా. ఇక సౌండ్ కార్డు?

#14 · ప్యానెల్‌పని

నాలుగు అవుట్‌పుట్లున్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఒక్కటి తీసుకోండి. మిక్స్‌లో మెయిన్‌కు 1-2, హెడ్‌ఫోన్‌కు 3-4. రెండే అవుట్‌పుట్లున్న కార్డు, దానికి తోడు ల్యాప్‌టాప్ జాక్ వాడితే రెండింటి గడియారాలు వేరు, నిమిషాలు గడిచేకొద్దీ అవి జరుగుతాయి. మిక్స్ సర్దుకుంటుంది గానీ ఒక్క కార్డు ఉంటే ఆ పనే ఉండదు. బఫర్ 44,100 హెర్ట్జ్ దగ్గర 512 శాంపిళ్లు పెడితే 11.6 మిల్లీసెకన్లు, మిక్సింగ్‌కు హాయిగా సరిపోతుంది. జనరేటర్ మీద ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే బుయ్‌మంటే, కార్డుకూ మిక్సర్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సులు (రెండింటి గ్రౌండ్‌లను విడదీసే పెట్టెలు) రెండు పెట్టండి. ఛార్జర్ ఎర్త్ పిన్ను మాత్రం విరిచేయవద్దు, ప్రాణాల మీదికి వస్తుంది.

#15 · తీన్మార్‌డెక్

చివరిది ఒకటి. బాస్ బిన్ (పెద్ద బాస్ స్పీకర్ పెట్టె) పక్కన బల్ల మీద పెట్టి పరీక్షిస్తే, ఎవరూ ముట్టుకోకపోయినా జాగ్ విలువలు ఒకటి రెండు మెట్లు అటూ ఇటూ పోతున్నాయి. పాట సన్నగా వణుకుతోంది.

#16 · జాగ్‌చక్రం

బాస్‌కు పళ్లెం ఊగుతోంది, 4,096 మెట్ల సెన్సర్‌కు అది కదలికే. ముడి కోణం ఉన్న హెక్స్ 0సీ రిజిస్టర్ బదులు హెక్స్ 0ఈ చదవండి, కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌లో హిస్టరిసిస్ (చిన్న ఊగులాటను పట్టించుకోని హద్దు) 3కు పెట్టండి. అది సగం తగ్గిస్తుంది. మిగతాది కోడ్‌లో: జాగ్ నిలిచి ఉన్నప్పుడు ఆ నిలిచిన కోణం నుంచి 6 మెట్లు దాటేదాకా ఏమీ పంపకండి. దాటాక ప్రతి మెట్టూ పంపండి. 50 మిల్లీసెకన్ల పాటు ఆ 6 మెట్ల లోపలే తిరిగితే మళ్లీ నిలిచినట్టు లెక్క. ప్రతిసారీ చిన్న తేడాలను పారేసే పద్ధతి మాత్రం వద్దు, నెమ్మదిగా తోసేటప్పుడు వచ్చేవన్నీ చిన్న తేడాలే కాబట్టి అసలు బెండే పోతుంది. పెట్టె అడుగున నాలుగు మెత్తటి రబ్బరు కాళ్లు కూడా వేయండి.